రొమ్ము క్యాన్సర్ సేవాసంస్థ వార్షికోత్సవం, దాతలకు కృతజ్ఞతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందుతున్న మహిళలకు ప్రయాణం, బస, మందుల ఖర్చుల్లో తోడ్పడే ఒక చిన్న ట్రస్టులో నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే కొత్తగా చేరిన కార్యకర్తలూ, ఇతర ఊళ్లలో ఇదే పనిచేస్తున్న మిత్రులూ అడిగే సందేహాలు ఏటా దాదాపు అవే ఉంటున్నాయి. అందుకే వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ కూర్చాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమో అక్కడికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## తలపెట్టే దశ

రోగుల మందులకే డబ్బు చాలడం లేదు. ఇప్పుడు వార్షికోత్సవం అవసరమా?

అవసరమేనని నా అభిప్రాయం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేసిన 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది, 98,000 మందికి పైగా దానితో చనిపోయారు. ఇంత పెద్ద కష్టానికి ఎదురునిలిచి నెలనెలా ఐదు వందలు పంపే రిటైర్డు టీచరుకు, రోగిని రాత్రిపూట ఉచితంగా ఆస్పత్రికి చేర్చే ఆటో డ్రైవరుకు తాము చేసిన పని ఎక్కడికి చేరిందో తెలియజెప్పవలసిన బాధ్యత సంస్థపై ఉంది. ఏడాదికి ఒక్కరోజైనా వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి ఆ లెక్క అప్పజెప్పకపోతే, మనం వాళ్ల దగ్గర తీసుకోవడమే తప్ప తిరిగి పలకరించని వాళ్లమవుతాం. ఆడంబరం అక్కర్లేదు. ఒక కల్యాణమండపంలో సాయంత్రం రెండు గంటలు, ఇంత పులిహోర, ఒక పేజీ ఆదాయవ్యయాల పట్టిక ఉంటే చాలు.

మా సంస్థ జూన్‌లో పుట్టింది. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని అక్టోబరు దాకా ఆగాలా?

ఆగనక్కర్లేదు. అక్టోబరును అవగాహన మాసంగా పాటించడం 1985లో అమెరికాలో మొదలైంది. ఆ నెలలో ఆస్పత్రులు, కళాశాలలు, కార్పొరేట్ సంస్థలు అన్నీ నడకలూ సభలూ పెడతాయి కాబట్టి వైద్యులు దొరకరు, పత్రికల్లో చోటు దొరకదు, హాళ్లు ఖాళీ ఉండవు. సొంత పుట్టినరోజుకు వేరే విలువ ఉంది. హైదరాబాదులోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రి 2000 జూన్ 22న ప్రారంభమైంది. ఒక ఇల్లాలి జ్ఞాపకంగా ఆ ఆస్పత్రి వెలసిందన్న సంగతి ఏటా జూన్‌లో మళ్లీ గుర్తుకు వస్తుంది. మీ సంస్థ వెనకా అలాంటి ఒక మనిషి, ఒక సంఘటన ఉండే ఉంటుంది. ఆ తేదీనే పట్టుకోండి. అక్టోబరులో గ్రామాల్లో అవగాహన సభలు పెట్టుకోవచ్చు.

విరాళంగా వచ్చిన డబ్బును సభకు ఖర్చు చేయవచ్చా?

రోగుల కోసమని చెప్పి తీసుకున్న డబ్బులోంచి ఒక్క రూపాయి కూడా సభకు వాడకూడదు. చట్టం మాట అలా ఉంచినా, దాత మనమీద పెట్టిన నమ్మకం దానికి ఒప్పుకోదు. సభ ఖర్చుకు విడిగా ముగ్గురు నలుగురిని అడగండి: హాలు ఒకరు, భోజనాలు ఒకరు, మైకు, కుర్చీలు ఒకరు. ఎవరు ఏది ఇచ్చారో సభలో చెప్పి, “ఈ సాయంత్రానికి రోగుల నిధి నుంచి ఏమీ తీయలేదు” అన్న మాటను మొదటి ఐదు నిమిషాల్లోనే ప్రకటించండి. ఆ మాట వినగానే ముందువరుసలో కూర్చున్నవాళ్లు స్థిమితపడటం నేను ఏటా గమనిస్తున్నాను.

అన్నీ గులాబీ రంగులోనే ఉండాలా?

ఆ రంగు ఒక గుర్తు మాత్రమే, నియమం కాదు. అమెరికాలో షార్లెట్ హేలీ అనే మహిళ క్యాన్సర్ నివారణకు ప్రభుత్వం మరింత డబ్బు కేటాయించాలని కోరుతూ లేత నారింజ రంగు రిబ్బన్లు ఇంట్లో కూర్చుని తయారుచేసి పంచిపెట్టారు. దాన్ని వాణిజ్యానికి వాడుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆ తర్వాత 1992లో ఒక మహిళా పత్రిక, ఒక సౌందర్య సాధనాల సంస్థ కలిసి గులాబీ రిబ్బనును ప్రచారంలోకి తెచ్చాయి. మన దగ్గర 2007లో హైదరాబాదులో మొదలైన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ చొరవతో అక్టోబరులో చార్మినార్ వంటి కట్టడాలకు గులాబీ కాంతులు వేయడం చాలామంది చూసే ఉంటారు. దూరం నుంచి చూసినవాడు కూడా “ఇదేమిటి” అని అడిగేలా చేయడానికి రంగు బాగా పనికివస్తుంది. అయితే బెలూన్లకూ తోరణాలకూ పెట్టే డబ్బుతో ఒకరికి కీమో మందు ఎక్కించే రోజున బస ఏర్పాటు చేయవచ్చునని తెలిసినప్పుడు, ఒక గులాబీ చీర, ఒక చిన్న బ్యానరు దగ్గర ఆగిపోవడం మంచిదని నాకు అనిపిస్తుంది.

## ఆహ్వానాల దశ

ఇప్పుడు చికిత్సలో ఉన్నవాళ్లను పిలవవచ్చా?

పిలవండి, కానీ రావాలని బలవంతపెట్టకండి. కీమో ఎక్కించిన తర్వాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లరక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి. ఆ రోజుల్లో జనసమ్మర్దంలో కూర్చుంటే చిన్న జలుబు కూడా ఆస్పత్రిలో చేర్చేదాకా పోవచ్చు. అందుకే “మీకు తర్వాతి కీమో విడత ఎప్పుడు, డాక్టరుగారు బయటికి వెళ్లవచ్చన్నారా” అని ముందే ఫోనులో కనుక్కోవాలి. వచ్చినవాళ్లకు తలుపు దగ్గర, గాలి ఆడేచోట కుర్చీలు వేయండి. కట్ చేసిన పళ్లు, పచ్చి సలాడ్ కాకుండా వేడివేడిగా వండినవి వడ్డించండి. మధ్యలో లేచి వెళ్లిపోయినా ఎవరూ “అప్పుడేనా” అనకుండా చూడండి.

ఆహ్వానపత్రికలో “రొమ్ము” అని రాయడానికి పెద్దవాళ్లు ఇబ్బంది పడుతున్నారు. ఏం చేయాలి?

రాయండి. ఆ సంకోచమే మన ఆడవాళ్లను ఆలస్యంగా ఆస్పత్రికి తెస్తోంది. గడ్డ చేతికి తగిలినా అత్తగారికి చెప్పలేక, భర్తకు చెప్పలేక, “నొప్పి లేదుగా, అదే పోతుందిలే” అని ఏడాది గడిపేసినవాళ్లను నేను వరసగా చూశాను. క్యాన్సర్ గడ్డకు తొలిరోజుల్లో చాలాసార్లు నొప్పి ఉండదు, మోసమంతా అక్కడే ఉంది. సంస్థ పేరులో ఉన్న మాటను మనమే దాచుకుంటే ఇంట్లో ఆవిడ ఎలా నోరు విప్పుతుంది? మేము మొదటి ఏడాది “మహిళా ఆరోగ్య సభ” అని వేశాం. రెండో ఏడాది “రొమ్ము క్యాన్సర్ సేవాసంస్థ వార్షికోత్సవం” అని పెద్ద అక్షరాల్లో వేస్తే ఎవరూ తప్పుపట్టలేదు, పైగా ఇద్దరు పత్రిక పట్టుకుని సందేహం అడగడానికి వచ్చారు.

ఒక కంపెనీ స్పాన్సర్ చేస్తానంటోంది. ఒప్పుకోవచ్చా?

ముందు ఆ కంపెనీ ఏం అమ్ముతుందో చూడండి. పొగాకు, మద్యం డబ్బు క్యాన్సర్ సంస్థకు తగదు. మద్యం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుందన్నది రుజువైన విషయం. మందుల కంపెనీ అయితే వాళ్ల మందు పేరు వేదికమీద, సంచులమీద కనిపించకూడదని, వక్తల ఎంపికలో వాళ్లు జోక్యం చేసుకోకూడదని కాగితంమీద రాయించుకోండి. “ఈ గులాబీ ప్యాకెట్ కొంటే కొంత సొమ్ము సంస్థకు” అనే పద్ధతి అయితే ఎంత సొమ్ము, ఎప్పటిలోగా అన్నది ప్యాకెట్‌మీదే ఉండాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధి తీసుకోవాలంటే మీ సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలన్నది 2021 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం.

అమెరికాలో ఉన్న మావాళ్లు వార్షికోత్సవానికి డబ్బు పంపుతామంటున్నారు. నేరుగా ఖాతాలో వేయించుకోవచ్చా?

పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు, పాస్‌పోర్టు ప్రతి మాత్రం తీసి ఉంచుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. దానికి సంస్థ విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదై ఉండాలి, లేదా ముందస్తు అనుమతి పొంది ఉండాలి. సాధారణంగా మూడేళ్ల పని అనుభవం, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు సేవాకార్యక్రమాలపై కనీసం ₹15 లక్షల ఖర్చు ఉంటేనే నమోదు దొరుకుతుంది. ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. నమోదు గానీ అనుమతి గానీ లేని సంస్థలు ఆప్యాయంగా వచ్చిన డబ్బయినా కాదనక తప్పదు. అప్పుడు “మీ ఊళ్లో ఉన్న అమ్మగారిని, అక్కను పరీక్షకు తీసుకువెళ్లండి, మాకు అదే విరాళం” అని రాయండి. నేను రాశాను. ఆ ఉత్తరం అందుకున్నవారిలో ఒకరి తల్లి నిజంగానే పరీక్ష చేయించుకున్నారు.

## సభ జరిగే రోజు

జబ్బు నయమైనవాళ్లను వేదికమీదికి పిలిచి పరిచయం చేయవచ్చా?

వాళ్లు తమంతట తాము, ముందుగా, విడిగా ఒప్పుకుంటేనే చేయాలి. ఇది మేము బాధపడి నేర్చుకున్న పాఠం. ఒక ఏడాది ఉత్సాహంలో మా కార్యకర్త ఒకరు ప్రేక్షకుల్లో కూర్చున్న ఒకావిడ పేరు పిలిచి, “మన అమ్మ క్యాన్సర్‌ను జయించారు, చప్పట్లు” అన్నారు. ఆవిడ లేచి నిలబడ్డారు, నవ్వారు కూడా. మర్నాడు ఫోను చేసి, తన కూతురికి వచ్చిన సంబంధంవాళ్ల బంధువు ఆ సభలో ఉన్నారని, ఈ జబ్బు సంగతి వాళ్లకు ఇంకా చెప్పలేదని, చాలా నెమ్మదిగా చెప్పారు. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా మరిచిపోలేకపోతున్నాను. అప్పటినుంచి మేము సభకు వారం ముందే ఒక్కొక్కరిని అడిగి, పేరు చెప్పవచ్చా, ఊరు చెప్పవచ్చా, ఫొటో తీయవచ్చా అని మూడు విడివిడి ప్రశ్నలకు సంతకం తీసుకుంటున్నాం. ఆ రోజు ఉదయం మనసు మార్చుకుంటే కారణం అడగం. “జయించారు” అన్న మాట కూడా మానేశాం, ఎందుకంటే జబ్బు తిరగబెట్టినవాళ్లు, ఐదేళ్లూ పదేళ్లూ రోజూ హార్మోను మాత్ర వేసుకుంటున్నవాళ్లు అదే సభలో కూర్చుని ఉంటారు. వాళ్లు ఓడిపోయినట్టు వినిపించకూడదు.

సన్మానం అంటే శాలువా, జ్ఞాపిక, జ్యోతి ప్రజ్వలన ఉండాలి కదా?

ఉండవచ్చు, కానీ కొన్ని జాగ్రత్తలు అవసరం. శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులు తీసేసినవారికి ఆ వైపు చేయి వాచే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. బరువైన ఇత్తడి జ్ఞాపికను ఆ చేతికి అందించడం, ఫొటో కోసం ఆ చేతిని పట్టుకుని పైకెత్తడం చేయకండి. ఎడమవైపు శస్త్రచికిత్స అయినవారైతే, సన్మానించేవారికి “కుడివైపు నుంచి వెళ్లండి” అని ముందే చెవిలో చెప్పడం మాలో ఒకరి పని. జుట్టు ఊడి విగ్గు పెట్టుకున్నవారిని దీపం దగ్గరికి వంగనివ్వకండి, కృత్రిమ దారంతో చేసిన విగ్గు సెగకు ఇట్టే ముడుచుకుపోతుంది. పొడుగాటి వత్తికొయ్య ఇవ్వండి, లేదా విద్యుద్దీపం పెట్టండి. శాలువాకు బదులు మెత్తని నూలు కండువా ఇస్తే ఇంట్లో తలకు కట్టుకోవడానికీ పనికివస్తుంది.

డాక్టరుగారి చేత ఏం మాట్లాడించాలి?

పావుగంట, ఆరేడు విషయాలు చాలు. రొమ్ములో లేదా చంకలో గడ్డ, చర్మం సొట్టపడటం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన కొత్తగా లోపలికి తిరగడం, రక్తంతో కూడిన స్రావం, ఆకారంలో తేడా: వీటిలో ఏది కనిపించినా చూపించుకోవాలి. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, కానీ కాదని చెప్పవలసింది పరీక్ష. మగవారికీ అరుదుగా వస్తుంది. ఇది అంటుకునే జబ్బు కాదు, రోగి కంచం, పక్క వేరుచేయనక్కర్లేదు. ఈ చివరి మాటను గట్టిగా చెప్పించండి, ఇప్పటికీ కొన్ని ఇళ్లలో గ్లాసు వేరుగా పెడుతున్నారు.

అదే రోజు పరీక్షల శిబిరం కూడా పెడితే బాగుంటుందా?

పరీక్ష తర్వాత ఏం చేస్తారో చెప్పగలిగితేనే పెట్టండి. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998 నుంచి ఇరవై ఏళ్లపాటు లక్షన్నర మంది మహిళలపై చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించినప్పుడు, యాభై దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైకి లోపు వారిలో అంత ప్రయోజనం కనిపించలేదు. అంటే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) యంత్రమున్న ఖరీదైన బస్సు లేకపోయినా, నేర్చుకున్న చేతులతో చేసిన పరీక్షకు విలువ ఉంది. కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలు కూడా 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి ఇలాంటి పరీక్షనే సూచిస్తున్నాయి. అయితే అనుమానం వచ్చినవారికి మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, ఆపైన సూదితో ముక్క తీసి చేసే బయాప్సీ కావాలి. అవి ఎక్కడ, ఏ రోజు, ఎవరి ఖర్చుతో అన్నది శిబిరానికి ముందే ఖరారు కావాలి. హైదరాబాదులో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. చికిత్సకు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తాయి. సభ సందడి మధ్య తెర కట్టి హడావుడిగా చేసే పరీక్షకంటే, మరో ఆదివారం నిదానంగా చేసేది మేలు.

ఈ ఏడాది చనిపోయినవాళ్లను సభలో తలుచుకుంటే అశుభం కాదా?

కాదు. వాళ్ల భర్తలు, పిల్లలు తర్వాత కూడా సంస్థకు తోడుగా వస్తుంటారు, ఆ సాయంత్రం వాళ్లు వెతుక్కునేది ఆ పేరునే. కుటుంబం ఒప్పుకుంటే పేర్లు చదివి ఒక నిమిషం నిలబడండి. దీన్ని చివర్లో, భోజనాలకు ముందు కాకుండా, సభ మొదట్లోనే చేయండి.

## కృతజ్ఞతలు తెలిపే దశ

పెద్ద దాతల పేర్లు ముందు చదవాలా? చిన్న దాతలు నొచ్చుకుంటే?

మేము అకారాది క్రమంలో, మొత్తాలు చెప్పకుండా చదువుతాం. లక్ష ఇచ్చిన వ్యాపారి పక్కనే రెండు వందలిచ్చిన ఇడ్లీబండి ఆవిడ పేరు వస్తుంది. మొదట్లో ఒకరిద్దరికి ఇది రుచించలేదు, ఇప్పుడు వాళ్లే ఈ పద్ధతిని గురించి నలుగురికీ చెబుతున్నారు. పేరు పలకడంలో పొరపాటు రాకూడదు. ఇంటిపేరుతో సహా ముందురోజు ఒకసారి పైకి చదివి చూసుకోండి. గుప్తదానం చేసినవారి పేరు పొరపాటున కూడా జాబితాలోకి రాకుండా వేరే పుస్తకంలో ఉంచండి.

కృతజ్ఞతలేఖలో ఏం రాయాలి?

ఇచ్చిన డబ్బు ఏ పనిగా మారిందో రాయాలి. “మీ అమూల్య సహకారానికి హృదయపూర్వక ధన్యవాదాలు” అని అచ్చువేసిన కాగితం వాళ్లకు ఏటా పది చోట్ల నుంచి వస్తుంది. మేము రాసే ఉత్తరం ఇలా ఉంటుంది: “రమణమ్మ అక్కయ్యగారికి నమస్కారం. మీరు పంపిన ₹3,000తో పల్లెటూరి నుంచి వచ్చిన ఒక సోదరి, గది నుంచి ఆస్పత్రికి పదిహేను రోజులు ఆటోలో వెళ్లివచ్చి రేడియేషన్ మొత్తం పూర్తిచేసుకున్నారు. ఒక్కరోజు కూడా మానలేదు. ఆవిడ మీ పేరు అడిగారు. మీ అనుమతి లేకుండా చెప్పలేదు.” నాలుగు వాక్యాలే, చేత్తో రాసినవి. రేడియేషన్ వారానికి ఐదు రోజులు, వరసగా కొన్ని వారాలు సాగుతుంది. దూరం ఊళ్లవాళ్లు మధ్యలో మానేసేది ఎక్కువగా చార్జీలు లేకనే. ఆ సంగతి తెలిసిన దాతకు ఆ ₹3,000 విలువ వేరుగా అర్థమవుతుంది. రోగి పేరు, ఊరు, ఫొటో మాత్రం ఉత్తరంలో పెట్టకండి. అందులోనే “వచ్చే ఏడాదీ ఇవ్వండి” అని అడగకండి.

పన్ను మినహాయింపు రశీదు ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

డబ్బు అందిన వారంలోపు రశీదు ఇచ్చేయండి, సభదాకా దాచకండి. 1961 ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద అనుమతి ఉన్న సంస్థ దాతల వివరాలను 10బీడీ ఫారంలో, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా దాఖలు చేసి, దాతకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. ₹2,000కు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి, వస్తురూపంలో ఇచ్చినదానికి మినహాయింపు రాదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే ఇది ఉపయోగం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి అప్పటినుంచి వచ్చిన విరాళాలకు సెక్షన్, ఫారం సంఖ్యలను ఆడిటరు చేత సరిచూపించుకోండి.

డబ్బు ఇవ్వకుండా శ్రమ ఇచ్చినవాళ్లకు ఎలా కృతజ్ఞత చెప్పాలి?

వాళ్లు చేసిన పనిని అంకెతో సహా చెప్పండి. ఎన్నిసార్లు ఆటో తోలారో, ఎన్ని రాత్రులు ఆస్పత్రిలో తోడు పడుకున్నారో, మాస్టెక్టమీ (రొమ్ము తీసేసే శస్త్రచికిత్స) అయినవారికి ఆ చోట పెట్టుకునే నూలు ప్యాడ్లు ఎన్ని కుట్టారో రిజిస్టరు చూసి చదవండి. మా దగ్గర ప్యాడ్లు కుట్టే పెద్దమ్మ ఒకరున్నారు. లోపల ఆవాలు పోసి బరువు సరిచూసి, రెండో వైపుకు సమానంగా ఉందో లేదో ఆ మహిళచేత అద్దంలో చూపించి గానీ పంపరు. ఆవిడను వేదికెక్కమంటే రానన్నారు. సభలో ఆవిడ కుట్టిన ప్యాడ్ ఒకదాన్ని వరుసల్లో చేతులు మార్చి పంపాం. అందరూ తాకి చూశారు, ఆవిడ వెనకవరుసలో కూర్చుని తలొంచుకున్నారు.

కృతజ్ఞతలేఖ అందుకున్న దాత, తన ఇంట్లోనే ఒకరికి గడ్డ ఉందని ఫోను చేస్తే ఏం చేయాలి?

ఇది మనం అనుకున్నదానికంటే తరచుగా జరుగుతుంది. వార్షికోత్సవం అయిన వారం రోజులూ ఫోను దగ్గర బాగా వినగలిగే మనిషిని ఒకరిని ఉంచండి. ఫోనులో “ఏం కాదులెండి” అనకండి, భయపెట్టకండి. ఎప్పటినుంచి ఉంది, వయసెంత, పిల్లలకు పాలిస్తున్నారా, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని నాలుగు మాటలు రాసుకోండి. తర్వాత ఏ ఆస్పత్రిలో ఏ రోజు ఓపీ ఉందో చెప్పి, పాత రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు తెచ్చుకోమనండి. దాత కదా అని వరస దాటించనక్కర్లేదు, దాత కదా అని ఆయనే చూసుకుంటారులే అని వదిలేయనూ కూడదు. ఆ ఉదయం ఏడున్నరకు ఆస్పత్రి గేటు దగ్గర మనవాళ్లలో ఒకరు నిలబడి ఉంటారని, ఆ మనిషి పేరు, కట్టుకొచ్చే చీర రంగు కూడా చెప్పి ఫోను పెట్టండి.